బరువు ఏ కాలి మీద ఉంది?

మా ఆఫీసు కింద ఉన్న కాఫీ షాపులో ఒక గోడ మొత్తం టాంగో బొమ్మలే. ఐదో ఆరో ఉంటాయి. అన్నీ ప్రింట్లే, అసలువి కావు. ఎర్ర గౌను వేసుకున్న ఆవిడ, నల్ల టోపీ పెట్టుకున్న ఆయన. ఆవిడ నడుము విల్లులా వెనక్కి వంగి ఉంటుంది, ఒక కాలు గాల్లో. వెనక నుంచి పసుప్పచ్చ వెలుతురు. వీళ్లు కదులుతున్నారు సుమా అని మనకి గుర్తుచెయ్యడానికి రంగుని అటూ ఇటూ లాగిన గీతలు. బెంగుళూరులో రెండేళ్లుగా దాదాపు రోజూ ఆ గోడ ఎదురుగా కూర్చునే కాఫీ తాగుతున్నాను. ఒక్కసారి కూడా ఆ జంట నా కంటికి కదల్లేదు.

నేను చిత్రకళ చదువుకున్నవాణ్ణి కాదు. కంప్యూటర్ సైన్సు చదివి, పన్నెండేళ్లుగా కోడ్ రాసుకుంటూ బతుకుతున్నవాణ్ణి. ఏదైనా పనిచెయ్యకపోతే, ఎందుకు పనిచెయ్యట్లేదో తేలేదాకా నిద్రపట్టని జబ్బు మాత్రం ఈ ఉద్యోగం వల్లే పట్టుకుంది. నాట్యాన్ని గీసిన బొమ్మ ఎప్పుడు కదులుతుంది, ఎప్పుడు కదలదు? ఇది పట్టుకుని ఎక్కడెక్కడో తిరిగి, ఆఖరికి ఉదయగిరికీ ఆత్మకూరుకీ మధ్య ఉన్న మా ఊళ్లో, చిన్నప్పుడు చూసిన ఒక తెల్లపంచె దగ్గరికి వచ్చి ఆగాను. ఆ దారంతా ఇక్కడ రాస్తున్నాను.

*

కిందటేడు ఆరు వారాలు టాంగో క్లాసుకి వెళ్లాను. ఆ గోడ మీద కోపంతోనే అనుకోండి. హీరోలా ఎవర్నో వంచేసి పట్టుకుంటానని ఊహించుకుని వెళితే, మొదటి రెండు వారాలూ ఒట్టి నడకే నేర్పించారు. హాలు ఈ చివర నుంచి ఆ చివరికి నడవడం, ఆగడం, మళ్లీ నడవడం. టీచరు రోజుకి ఒక యాభైసార్లు ఒకటే మాట: "బరువు ఏ కాలి మీద ఉంది?"

టాంగోలో స్టెప్పుల వరస ముందే అనుకుని ఉండదు. ఇద్దరూ అప్పటికప్పుడు కట్టుకుంటూ పోవాలి. ఒకరు ఛాతీని కొద్దిగా కదిపి సూచన ఇస్తారు. రెండోవాళ్లు ఒంటి బరువుని ఒక కాలి నుంచి ఇంకో కాలికి మార్చి జవాబు చెబుతారు. ఎదుటి మనిషి బరువు ఏ కాలి మీద ఉందో ఒంటితో తెలుసుకోకపోతే నాట్యం అక్కడే ఆగిపోతుంది. బరువు లేని కాలు ఒక్కటే కదలగలదు, బరువు మోస్తున్న కాలు కదల్లేదు. ఇంత చిన్న సంగతి నా బుర్రకి ఎక్కడానికి నాలుగు వారాలు పట్టింది.

ఈ నాట్యం పంతొమ్మిదో శతాబ్దం చివర్లో బ్యూనస్ ఎయిర్స్, మాంటెవిడియో నగరాల్లోని పేదపేటల్లో పుట్టింది. ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవాళ్ల సంతతి, యూరప్ నుంచి పొట్ట చేతబట్టుకుని ఓడ దిగినవాళ్లు, స్థానికులు, అందరూ కలిసి చేసుకున్న నాట్యం. 1913 నాటికి ప్యారిస్‌లో పిచ్చిలా పాకిపోయింది. 2009లో యునెస్కో దాన్ని అర్జెంటీనా, ఉరుగ్వే రెండు దేశాల ఉమ్మడి వారసత్వంగా గుర్తించింది. ఎర్ర గౌనూ, నోట్లో గులాబీ తర్వాతి కాలపు అంగడి సరుకు.

క్లాసు అయ్యాక వెళ్లి ఆ గోడని మళ్లీ చూశాను. ఆవిడ బరువు ఏ కాలి మీద ఉంది? దేని మీదా లేదు. ఒక కాలు గాల్లో ఉంది, రెండోది నేలకి తగిలీ తగలనట్టు ఉంది. పోనీ ఆయన మోస్తున్నాడా అంటే, ఆయన నడుమూ మోకాళ్లూ నిటారుగా, బట్టల కొట్టులో బొమ్మలా ఉన్నాయి. యాభై అరవై కిలోల మనిషి చేతిలో వాలితే ఎవరికైనా మోకాలు వంగుతుంది కదా. చిత్రకారుడు భంగిమ గీశాడు, బరువు గీయలేదు. బరువు లేకపోతే కదలడానికి అక్కడ ఏమీ లేదు.

*

కదలికని బొమ్మలో ఎలా పట్టాలనే గొడవ కెమెరా వచ్చాక బాగా ముదిరింది. 1878లో మైబ్రిడ్జ్ పరుగెత్తే గుర్రాన్ని వరస ఫోటోలు తీసి, నాలుగు కాళ్లూ ఒకేసారి నేలని వదిలే క్షణం ఉంటుందని చూపించాడు. అప్పటిదాకా చిత్రకారులు గీసిన పరుగు గుర్రాలన్నీ తప్పని తేలింది. చిత్రం ఏంటంటే, ఆ తప్పు గుర్రాలే పరుగెడుతున్నట్టు ఉంటాయి. కెమెరా పట్టిన నిజమైన గుర్రం గాల్లో అతికించినట్టు ఉంటుంది.

1912లో ఇటలీ చిత్రకారుడు బల్లా గొలుసు కట్టిన ఒక చిన్న కుక్క నడకని గీశాడు. కుక్కకి లెక్కలేనన్ని కాళ్లు, తోకలు, యజమానురాలికి బోలెడు పాదాలు. అదే ఏడాది సెవెరీని ప్యారిస్‌లోని ఒక డాన్సు హాలుని ముక్కలు ముక్కలుగా పరిచి గీశాడు, కాన్వాసు మీద నిజం తళుకులు కూడా అంటించాడు. నాకు ఈ రెండూ ఇష్టమే. బల్లా కుక్కని చూసినప్పుడల్లా నవ్వొస్తుంది. కానీ నా కంటికి అవి కదలిక గురించి ఇచ్చిన రిపోర్టులు. వీడియో గేముల్లో సెకనుకి అరవై ఫ్రేములు వేస్తే కదలిక వస్తుంది, ఆ అరవైనీ ఒకే ఫ్రేములో కుక్కితే మసక వస్తుంది. కాళ్ల సంఖ్య పెంచితే సరిపోదు.

మరి ఎవరు పట్టారు? నాకు తెలిసినంతలో, టాంగో పుట్టిన నేల మీదే ఒకాయన ఉన్నాడు. పేద్రో ఫిగారి, 1861లో మాంటెవిడియోలో పుట్టాడు. వృత్తికి లాయరు, రాజకీయాల్లో తిరిగాడు, మరణశిక్ష రద్దు చెయ్యాలని వాదించాడు. అరవై ఏళ్ల వయసులో, 1921లో, అన్నీ వదిలేసి బ్యూనస్ ఎయిర్స్ చేరి పూర్తిగా బొమ్మల్లో పడ్డాడు. కాన్వాసు కాదు, మామూలు అట్టల మీద గీశాడు. ఆయనకి ఇష్టమైన విషయం కందోంబె, ఉరుగ్వేలో ఆఫ్రికా సంతతివాళ్లు డప్పుల మీద ఆడే నాట్యం. టాంగో వేళ్లలో అదొకటి.

ఫిగారి మనుషులకి ముఖాలు సరిగ్గా ఉండవు, చేతులు రెండు బ్రష్షు దెబ్బలే. కానీ పాదాల దగ్గర చూడండి. నడుము వెనక్కి పోతే పొట్ట ముందుకొస్తుంది, మోకాలు వంగుతుంది, పాదం నేలకి పరుచుకుంటుంది. అందరూ ఒంటి బరువుతో సహా ఉన్నారు. చిన్నప్పుడు చూసినవాటిని ముసలితనంలో జ్ఞాపకం నుంచి గీశాడు. జ్ఞాపకానికి ముక్కూ మొహం గుర్తుండకపోవచ్చు, ఎవరు ఎలా అడుగేసేవాళ్లో గుర్తుంటుంది. మా ఊరివాళ్లని తల్చుకున్నా నాకు అంతే.

ఇక దెగా. జీవితమంతా బాలే పిల్లల్ని గీసిన మనిషి. 1870ల్లో గీసిన 'డాన్సు క్లాసు' బొమ్మ ప్యారిస్‌లోని ఓర్సే మ్యూజియంలో ఉంది. అందులో నాట్యం చేస్తున్నవాళ్లకంటే విసుగ్గా నిలబడ్డవాళ్లే ఎక్కువ. ఒక పిల్ల పియానో ఎక్కి కూర్చుని వీపు గోక్కుంటోంది. మధ్యలో ముసలి గురువు జూల్ పెరో, పొడుగాటి కర్ర నేలకి ఆనించి నిలబడ్డాడు. ఆ పిల్లలందరూ గాల్లో తేలాల్సినవాళ్లే. దెగా మాత్రం వాళ్ల నడుం నొప్పినీ, పాదాల పోటునీ గీశాడు. అందుకే ఏ క్షణమైనా ఎవరో ఒకరు కదిలేట్టు ఉంటారు.

*

పెరో చేతికర్రని చూస్తున్నప్పుడే నాకు లేపాక్షి గుర్తొచ్చింది. బెంగుళూరు నుంచి నూట ఇరవై కిలోమీటర్లు. పదహారో శతాబ్దంలో, అచ్యుతదేవరాయల కాలంలో, విరూపణ్ణ, వీరణ్ణ అనే అన్నదమ్ములు కట్టించిన వీరభద్రాలయం. అందరూ వేలాడే స్తంభం కింద నుంచి తువ్వాలు లాగి చూసి వచ్చేస్తారు. నేనూ మొదటిసారి అంతే చేశాను. రెండోసారి నాట్యమండపంలో గంటన్నర కూర్చున్నాను. అక్కడ స్తంభాల మీద ఒక కచేరీ జరుగుతూ ఉంటుంది. రంభ ఆడుతోంది, బ్రహ్మ మద్దెల, తుంబురుడు వీణ. నాట్యం నేర్పే గురువు భృంగి. ఆయనకి మూడు కాళ్లు.

కథ మనకి తెలిసిందే. భృంగి శివుడికి తప్ప పార్వతికి ప్రదక్షిణ చెయ్యనన్నాడు. అమ్మవారికి కోపమొచ్చి ఒంట్లో రక్తమాంసాలు లేకుండా పొమ్మంది. ఎముకల గూడై, నిలబడలేక కూలిపోతుంటే శివుడు మూడో కాలు ఇచ్చాడు. బల్లా కుక్కకి అన్ని కాళ్లు ఉన్నది నడకని చూపించడానికి. భృంగికి మూడో కాలు వచ్చింది నిలబడడానికి. నాట్యాచార్యుడికి ముందు కావలసింది ఒంటిని మోసే కాలు అని ఆ శిల్పికి తెలుసు. ప్యారిస్ గురువు చేతిలో ఆ మూడో కాలే కర్ర అయింది.

తలెత్తి చూస్తే కప్పు నిండా రంగుల బొమ్మలు. నల్లటి గీతతో అంచు కట్టి, లోపల ఎరుపు, పసుపు, ఆకుపచ్చ రంగులు నింపిన మనుషులు. ముఖాలు పక్కకి తిరిగి ఉంటాయి, కళ్లు పెద్దవి, చీర అంచులు కొసగా బయటికి పొడుచుకొస్తాయి. ఆ కట్టు, ఆ కళ్లు నాకు తెలుసు. పుస్తకాల్లో చూసినవి కావు. తోలుబొమ్మలవి.

*

మాది మెట్ట ప్రాంతం. నెల్లూరంటే వరిచేలు, రొయ్యల చెరువులు అనుకునేవాళ్లు ఒకసారి ఆత్మకూరు దాటి ఉదయగిరి బస్సెక్కి చూడాలి. ఎర్రనేల, కంపచెట్లు, దూరంగా ఉదయగిరి కొండ. వానలు ఎగ్గొట్టిన ఏడాది విరాటపర్వం ఆడిస్తే వాన పడుతుందని నమ్మకం. 1996లోనో, ఆ మర్నాడో మా ఊళ్లో అలాగే తలా ఇంత వేసుకుని బొమ్మలాటవాళ్లని పిలిపించారు. నాకు ఎనిమిదేళ్లు.

రామాలయం ముందు గుంజలు పాతి తెల్లపంచె బిగించి కట్టారు. వెనక బల్బు. ద్రౌపది, కీచకుడు, మధ్యమధ్యలో జుట్టుపోలిగాడు, బంగారక్క మొరటు సరసాలు. అర్థం కాకపోయినా అందరితో పాటు నవ్వేశాను. తర్వాత బృహన్నల ఉత్తరకి నాట్యం నేర్పే ఘట్టం వచ్చింది. తెర మీద ఉత్తర అడుగేసింది. ఘల్లుమంది. ఇంకో అడుగు, మళ్లీ ఘల్లు. తోలుబొమ్మ కాలికి గజ్జెలెక్కడివి? నేను జేజిని అదే అడిగాను.

"ఈడ కూచుంటే ఏం తెలుస్తాది అబ్బయా, ఆ పక్కకి పోయి చూసుకో పో" అంది జేజి.

వెళ్లాను. తెర వెనక ఒకాయన, మా నాయన వయసువాడు, పంచె మోకాళ్ల పైకి ఎగ్గట్టి ఉన్నాడు. గజ్జెలు ఆయన కాళ్లకి ఉన్నాయి. కింద చెక్క పలక. రెండు చేతుల్లో బొమ్మ పుల్లలు. ఉత్తర కుడికాలు మోపాల్సినప్పుడు ఈయన ఒళ్లంతా కుడివైపుకి వాలి, పాదం పలక మీద పడుతోంది. ఎడమకి వాలితే ఉత్తర నడుము ఎడమకి తిరుగుతోంది. ఒళ్లంతా చెమట. ఆయన చేతిలో ఉన్న బొమ్మని చూడట్లేదు, పంచె మీదే చూపు. పక్కన ఒకావిడ పాడుతోంది, ఒళ్లో పిల్లాడు నిద్రపోతున్నాడు.

అప్పుడు నాకు మోసపోయినట్టు అనిపించింది. ఉత్తర ఆడుతోందనుకుంటే ఎవరో గడ్డం మనిషి ఆడుతున్నాడేంటి అని. ముందుకొచ్చి జేజి పక్కన కూర్చుని మళ్లీ తెర చూశాను. తెలిసినా సరే, ఉత్తరే ఆడింది.

వాన పడిందా అంటే, ఆ వారం పడలేదు.

*

టాంగో టీచరు అడిగిన ప్రశ్నకి అప్పుడే జవాబు చూసి ఉన్నానని ఇన్నేళ్లకి అర్థమైంది. తోలుబొమ్మకి బరువు లేదు. ఎండబెట్టి, వెలుతురు పారేలా గీకిన మేకతోలు అది. ఆ బరువు తెర వెనక మనిషి పాదంలో ఉంది. బొమ్మ గీసినవాడికి ఆ సంగతి తెలుసు కాబట్టి నాట్యాన్ని బొమ్మలో గీయలేదు. నాట్యం పట్టేంత చోటు వదిలాడు.

మా ఇంట్లో ఒక నర్తకి బొమ్మ ఉంది. నాలుగేళ్ల కింద బెంగుళూరులో ఒక చేతిపనుల ఎగ్జిబిషన్‌లో కొన్నది. దాన్ని ఒట్టి చిత్రంగా చూద్దాం. ముఖం పక్కకి, ఛాతీ మనవైపుకి, పాదాలు రెండూ ఒకే దిక్కుకి. కన్ను చెంపలో సగం ఉంది. నగలు ఉన్నచోట రంగు లేదు, ఉలితో పొడిచిన చిల్లులు ఉన్నాయి. వెనక దీపం పెడితే ఆ చిల్లులే ముత్యాలవుతాయి. తోలుకి రెండువైపులా రంగు వేశారు, ఎటు తిప్పినా ఆడాలి కాబట్టి. ముఖంలో ఏ భావమూ లేదు. సంతోషమా, దిగులా చెప్పలేం. ఏ పాటకైనా సరిపోవాలి మరి. ఒక్క మూడ్‌కి కట్టిపడేసిన ముఖం రెండో పాటకి పనికిరాదు.

అసలు సంగతి కీళ్ల దగ్గర ఉంది. ఇదే ఆటలో రాజులకీ దేవుళ్లకీ కదిలే భాగాలు తక్కువ, గంభీరంగా ఉంటే చాలు. నర్తకికి మాత్రం మెడ, భుజం, మోచెయ్యి, నడుము, అన్నీ విడివిడి ముక్కలు. దారంతో ముడివేసి వదులుగా వదిలేశారు. అంటే తను వేసిన బొమ్మని చిత్రకారుడు తనే కోసేశాడు. బల్లా కదలిక కోసం కాళ్లు కలిపాడు, ఈయన అదే కదలిక కోసం బొమ్మని విడగొట్టాడు. తను గీసింది అసంపూర్తి అని ఒప్పుకుని, మిగతాది ఇంకొకరి చేతికి అప్పగించాడు. టాంగోలో సూచన ఇచ్చే మనిషి చేసేదీ అదే, రెండోవాళ్ల అడుగు తను వెయ్యడు.

నాట్యాన్ని గీసేవాళ్లందరూ కత్తెర తీసుకుని బొమ్మలు కొయ్యాలని కాదు నా ఉద్దేశం. ఫిగారి కొయ్యలేదు, దెగా కొయ్యలేదు. వాళ్లు బరువుని గీసి తర్వాతి అడుగుని మనకి వదిలారు. బొమ్మలాట చిత్రకారుడు అడుగునీ బరువునీ రెంటినీ వదిలాడు. కాఫీ షాపు గోడ మీద ఆయన మాత్రం అన్నీ తనే పూర్తిచేసేశాడు. మనం చెయ్యడానికి అక్కడ ఏ పనీ లేదు.

*

ఇక్కడ నా సంగతి కూడా చెప్పుకోవాలి. ఆ నర్తకిని కొన్నాక నేను చేసిన మొదటి పని, ఫ్రేము కట్టించడం. అద్దం వెనక, తెల్ల అట్ట మీద, చేతులు రెండూ అందంగా పైకెత్తి ఉండేట్టు. నాలుగేళ్లుగా వచ్చినవాళ్లందరికీ గర్వంగా చూపిస్తున్నాను. కాఫీ షాపు గోడని వెక్కిరించే మనిషి ఇంట్లో గోడకి ఉన్నదీ అలాంటి బొమ్మే. వెనక వెలుతురు లేదు, చేతికి కీలు లేదు, భంగిమ మాత్రం ఉంది.

ఇప్పుడు తోలుబొమ్మ కళాకారుల్లో చాలామంది ల్యాంప్ షేడ్లు చేస్తున్నారు, గోడకి తగిలించే బొమ్మలు చేస్తున్నారు. ధర్మవరం దగ్గర నిమ్మలకుంట ఆ పనికి పేరుపడ్డ ఊరు. ఆ ఊరి దళవాయి చలపతిరావుకి 2020లో పద్మశ్రీ వచ్చింది. ల్యాంప్ షేడ్ మీద నర్తకికి వెలుతురైనా మిగిలింది, కీళ్లు పోయాయి. నాకు బాధగానే ఉంటుంది. కానీ రాత్రంతా కూర్చుని విరాటపర్వం చూసే ఊళ్లు ఇప్పుడు ఎన్ని ఉన్నాయి? మా ఊళ్లో ఆ తర్వాత బొమ్మలాట ఆడిందే లేదు, నేనూ ఆడించమని అడిగింది లేదు. ఆట చూడ్డానికి ఎవరూ రాకపోతే బొమ్మ దీపమైనా అయి కడుపు నింపాలి కదా. ఉదయగిరిలో కొయ్యపని చేసేవాళ్లు చెక్క గరిటెలు, స్పూన్లు చేసి అమ్ముతారు. మా వంటింట్లోనూ అరడజను ఉన్నాయి. అవి రోజూ కూరలో తిరుగుతున్నాయి కాబట్టి వాటి గురించి నాకు దిగుల్లేదు. నర్తకి గురించే దిగులు.

అందుకని కళాకారులు పాత పద్ధతిలోనే చెయ్యాలని నేను అనలేను. కొనేవాడిగా, చూసేవాడిగా నా తప్పు వరకే అనగలను. ఒక చిత్రాన్ని అందంగా ఉందని మెచ్చుకుంటూనే, అది దేనికి తయారైందో దాన్ని చెయ్యనివ్వకుండా ఆపేశాను.

పోయిన ఆదివారం ఫ్రేము విప్పాను. ఫ్రేము కట్టినాయన చేతులు జారకుండా అట్టకి జిగురు పెట్టి అంటించేశాడు. కుడిచెయ్యి నెమ్మదిగా ఊడొచ్చింది. ఎడమ మోచెయ్యి దగ్గర లాగేసరికి తోలు అరంగుళం చిరిగింది. కాసేపు చేతులు వణికాయి. లైట్లు ఆపి, ఫోను టార్చి వెలిగించి, గోడకి చీర కట్టి పట్టుకుని చూశాను. చిల్లుల్లో నుంచి ముత్యాలు పడ్డాయి. పుల్ల తిప్పితే నడుము ఒకవైపుకి పోయింది, చెయ్యి ఇంకోవైపుకి. తాళం లేదు, పాడు లేదు. మా ఆవిడ చూసి, "మీరు కదలకుండా దాన్నొక్కదాన్నే కదుపుతున్నారు" అంది.

నిజమే. సోఫాలో కూర్చుని ఉన్నాను. లేచి నిలబడి, కుడికాలి మీదికి బరువు వేసి, మళ్లీ పట్టుకున్నాను.